కంద, కందగడ్డ, నేను

మా ఆవిడది అమలాపురం. నాది జనగామ పక్కన ఒక పల్లె. మాదాపూర్‌లో ఒకే అద్దాల మేడలో, ఒకే అంతస్తులో పనిచేస్తూ పరిచయమయ్యాం. పెళ్లికి ముందు రెండేళ్లపాటు సినిమాలు, రాజకీయాలు, జీతాలు, మేనేజర్లు, అన్నిటి గురించీ మాట్లాడుకున్నాం. కూరగాయల గురించి మాత్రం ఒక్క మాట అనుకోలేదు. అక్కడే దెబ్బతిన్నాం.

పెళ్లయిన కొత్తలో ఓ ఆదివారం మా అత్తగారు ఊరి నుంచి దిగారు. పొద్దున్నే ఆరింటికి నన్ను కూకట్‌పల్లి రైతుబజారుకు తోలింది మా ఆవిడ. ఫోన్లో జాబితా వచ్చింది. కంద అరకిలో, బచ్చలి రెండు కట్టలు, లేత ఆనపకాయ ఒకటి. బజారులో గోనెపట్టా మీద గడ్డలు పోసుకుని కూర్చున్న ఒకావిడ దగ్గర ఆగాను.

"అవ్వా, కంద ఉందా?"

"కందగడ్డనే గద బిడ్డా, మంచిగున్నయి, తీస్కపో. తేనె లెక్కుంటయి."

ఎర్రగా, నున్నగా ఉన్నాయి. చిన్నప్పుడు బడి నుంచి రాగానే మా అమ్మ ఉడకబెట్టి చేతిలో పెట్టినవి అవే. అరకిలో తూచి, పైన ఒకటి కొసరేసింది. ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

సంచీ విప్పి మా ఆవిడ ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. "మీరు చిలగడదుంపలు తెచ్చారు" అంది. మామూలుగా నన్ను "నువ్వు" అంటుంది. వాళ్లమ్మ ముందు కాబట్టి "మీరు" అంది. ఆ మర్యాదను బట్టే కోపం ఎంతో తెలిసింది.

"ఇది కందగడ్డ" అన్నాను.

"కంద అంటే ఇంతలావుంటుంది. నల్లగా, మట్టికొట్టుకుని, ఏనుగు పాదంలాగా."

"దాన్ని తింటారా?" అని అడిగాను. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాను. ఆ రోజు మా ఇంట్లో కంద బచ్చలి కూర కావాల్సింది కాస్తా వట్టి బచ్చలి కూర అయింది. అత్తగారు మాత్రం పెద్ద మనసు చేసుకుని, "పోన్లెండి బాబూ, వీటిని బెల్లమేసి ఉడకబెట్టుకుందాం" అన్నారు. నాలుగు దుంపలు తిన్నారు కూడా. నేను ఆరు తిన్నాను.

తెలుగువాళ్లందరిదీ ఒకే భాష అనేవాళ్లు కూరగాయల బజారు దాకా వెళ్లి ఉండరని నా అనుమానం. మా టీములో మదనపల్లె మిత్రుడొకడున్నాడు. హైదరాబాద్ వచ్చిన మొదటి వారంలో ఎవరో "ఎర్రగడ్డ రైతుబజారులో అన్నీ చవక" అన్నారట. వాళ్ల వైపు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. ఉల్లిపాయలకు ప్రత్యేకంగా బజారు కట్టించిన నగరం ఎంత గొప్పదో అనుకుంటూ వెళ్లాడు. అక్కడ మెట్రో స్టేషన్‌కు కూడా ఉల్లిపాయ పేరే పెట్టారని చూసి మరీ మురిసిపోయాడు. వాడికి మా ఇంట్లో ఓసారి భోజనం పెడుతూ మా ఆవిడ ఆనపకాయ కూర వడ్డించింది. వాడు గరిటెతో అటూ ఇటూ కలిపి "గింజలేవి?" అన్నాడు. వాళ్లకు అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ. వలిచి, గింజలు నానబెట్టి, పితికి పులుసు చేసుకుంటారు. ఈవిడ వడ్డించింది సొరకాయ. ఒక్క దీర్ఘం తేడాతో తీగ మీది కాయ ఇంకో తీగకు పోయింది. ఆ మధ్యాహ్నం మేం ముగ్గురం మూడు రాజ్యాల రాయబారుల్లా తింటూ కూర్చున్నాం.

ఇలాంటి రాయబారాలు జరగడానికి అసలు కారణం ఈ ఐటీ కారిడారే. పని పేరుతో అన్ని జిల్లాల వాళ్లనూ తెచ్చి ఒకే లిఫ్టులో కుక్కింది. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. రెండు నెలలైనా నిండా గడిచాయో లేదో, 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. రెండూ చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్నప్పటివే. అంటే హైటెక్ సిటీ, రైతుబజారు అన్నదమ్ములు. అన్నయ్యకు నిలువెత్తు అద్దాలు కట్టించారు. తమ్ముడికి రేకుల షెడ్డు వేశారు. అదే ఏడాది నవంబర్‌లో తమిళనాడు వాళ్లు మదురైలో ఉళవర్ సందై పేరుతో ఇలాంటిదే తెరిచారు. అంటే తమ్ముడు పొరుగు రాష్ట్రంలోనూ పేరు తెచ్చుకున్నాడన్న మాట.

అన్నదమ్ముల పోలికలు చాలా ఉన్నాయి. రైతుబజారులో కూర్చునే రైతుకు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తారు. నాకూ మెడలో ఒకటి వేలాడుతుంది. ఆయన స్థలానికి అద్దె కట్టడు, నేనూ నా కుర్చీకి కట్టను. తక్కెడ ఆయనకు బజారు వాళ్లే ఇస్తారు, ల్యాప్‌టాప్ నాకు కంపెనీ ఇస్తుంది. ఒక్కటే తేడా. ఆయన తెచ్చిన సరుకు సాయంత్రానికి అమ్ముడైపోతుంది. నేను మూడు నెలలుగా తయారుచేస్తున్నది ఏమిటో ఇంట్లో వాళ్లకు ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

బజారు ముంగిట్లో ధరల బోర్డు ఉంటుంది. ఎస్టేట్ అధికారి రైతులతో మాట్లాడి పొద్దున్నే ఆ రోజు ధరలు నిర్ణయిస్తాడు. టోకు ధర కంటే పాతిక శాతం ఎక్కువ రైతుకు రావాలి, బయట చిల్లర ధర కంటే పాతిక శాతం తక్కువకు మనకు దొరకాలి. ఈ పద్ధతికి మొదట అనుకున్న లెక్క అది. మధ్యలో దళారి తినేదాన్ని ఇద్దరికీ పంచడమన్న మాట. లెక్క ఎప్పుడూ ఇంత సాపుగా కుదురుతుందని నేననను. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి పైకి ఎక్కుతుంటే జనం ఆ బోర్డు ముందు పరీక్ష ఫలితాలు చూసుకునేవాళ్లలా నిలబడ్డారు. నేను కూడా నా నంబరు వెతుక్కుని, చింతపండు కొనుక్కుని వచ్చాను.

ధర బోర్డు మీద రాసి ఉన్నాక ఇంక బేరమేముంటుందని మీరు అడగవచ్చు. నేనూ మా అత్తగారిని అడిగాను. "ధర సర్కారుది బాబూ. కొసరు మనది" అన్నారావిడ. ఆవిడ పనితనం చూసి తీరాలి. కిలో వంకాయలు తూచేదాకా కిమ్మనరు. డబ్బులిచ్చేదాకా కూడా కిమ్మనరు. చిల్లర తీసుకుని, సంచీ నోరు మూయకుండా అలాగే పట్టుకుని నిలబడతారు. అంతే. ఆ తెరిచిన సంచీలోకి రెండు వంకాయలు వాటంతటవే వచ్చి పడతాయి. కరివేపాకు రెబ్బ, గుప్పెడు పచ్చిమిరపకాయలు, వాడిన కొత్తిమీర కట్ట, ఇవన్నీ ఆవిడకు జన్మహక్కులు. నేను అలాగే సంచీ తెరిచి నిలబడితే "ఏం సారూ, ఇంకేమన్న గావాల్నా?" అని అడిగారు. కొసరు అడక్కుండా రాబట్టాలంటే ముఖంలో ఏదో ఉండాలి. నా ముఖంలో అది లేదు. ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో కూరగాయలు తెచ్చిపడేసే యాప్‌లు నా ఫోన్లో మూడున్నాయి. వాటికి సంచీ తెరిచి చూపించడం ఎలాగో అత్తగారికి ఇంకా అంతుపట్టలేదు.

తర్వాత ఇల్లు గచ్చిబౌలి వైపు మారాం. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ల సముదాయంలోనే నెలకు రెండు ఆదివారాలు క్లబ్‌హౌస్ ముందు బజారు పెడతారు. దాన్ని బజారు అనకూడదు, ఫార్మర్స్ మార్కెట్ అనాలి. పేరు ఇంగ్లీషులో ఉన్న చోట ధరలు కూడా ఇంగ్లీషులోనే ఉంటాయి. అక్కడ తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద, గోధుమరంగు కాగితంలో చుట్టి, నారతో ముడేసి, ఎనభై రూపాయల చీటీతో గంగవాయిలి కూర కనిపించింది. పక్కనే అట్ట మీద "ఒమేగా త్రీ సమృద్ధిగా గల పర్స్‌లేన్" అని రాసి ఉంది. రాసింది అబద్ధం కాదు. ఆకుకూరల్లో ఒమేగా త్రీ బాగా ఉండేది గంగవాయిలే. గొప్పగా కొని, వీడియో కాల్‌లో మా అమ్మకు చూపించాను.

"గదానికి పైసలిచ్చినవా?" అంది.

"ఎనభై రూపాయలే."

అమ్మ ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచింది. కెమెరా కిందికి తిప్పి నేలంతా చూపించింది. గడప నుంచి బావి దాకా గంగవాయిలే. "తొక్కుకుంట తిరుగుతున్నం బిడ్డా. అంత పైసలున్నయా మనకు?" అని అడిగింది. నా లెక్క ప్రకారం ఆ పెరడు రెండు లక్షలు పలుకుతుంది.

ఆ మార్కెట్లో అసలు వినోదం పురుగులది. అక్కడ అమ్మేదంతా మందు కొట్టకుండా పండించిందని చెబుతారు. మొదటి నెలలో పదకొండో అంతస్తు ఆవిడ కాలీఫ్లవర్‌లో పురుగు వచ్చిందని సముదాయం గ్రూపులో ఫొటో పెట్టింది. నిర్వాహకులను పిలిచి నిలదీశారు. మందు కొట్టకపోతే పురుగు వస్తుందమ్మా అని అమ్మినాయన చెప్పుకున్నాడు. మర్నెల ఎందుకైనా మంచిదని శుభ్రంగా ఏరి తెచ్చాడు. అదే ఆవిడ మళ్లీ ఫొటో పెట్టింది. "ఒక్క పురుగు కూడా లేదు, కచ్చితంగా మందు కొట్టారు." ఇప్పుడాయన వంకాయల గంపలో పైకి కనిపించేలా ఒకే ఒక్క పుచ్చు వంకాయ పెడుతున్నాడు. దిష్టికనీ, నమ్మకానికనీ. అమ్మకం బాగుంది.

పండ్ల విషయంలో నేను ఎవరినీ అనను, తప్పంతా నాదే. దసరా వస్తుందంటే మహబూబ్‌నగర్ వైపు నుంచి సీతాఫలాలు దిగుతాయి. బాలానగర్ రకానికి ఆ పేరు ఆ జిల్లాలోని ఊరిదే. అద్దాల మేడల ముందు ఫుట్‌పాత్ మీద గంపలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. కళ్లు బాగా విచ్చుకున్న కాయలు ఏరుకుని, ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టి, ఒక్కోటీ చేత్తో తడిమి చూసుకుంటూ ఉండాలి. నిన్న రాయి, ఇవాళ పండు, రేపు పులుసు. అది ఇచ్చే గడువు ఒక్క రోజే. ఏ క్లయింటూ అంత కచ్చితంగా ఉండడు. నేను ఓ శుక్రవారం సాయంత్రం రెండు డజన్లు కొని, కారు వెనకసీట్లో పెట్టి, మరిచిపోయి సెలవుల్లో ఊరికి బస్సెక్కాను. మంగళవారం బేస్‌మెంటులో కారు తలుపు తీశాను. ఆ వాసనకు సెక్యూరిటీ ఆయన సారా కాచారనుకున్నాడు.

బోయిన్‌పల్లి మార్కెట్లో కుళ్లిన కూరగాయలతో కరెంటు చేస్తారు. రోజుకు పది టన్నుల వ్యర్థం నుంచి 500 యూనిట్ల దాకా తీస్తున్నారని 2021 జనవరిలో మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా మెచ్చుకున్నారు. అది విన్నప్పటి నుంచి మా ఫ్రిజ్ కింది అర వైపు గౌరవంగా చూస్తున్నాను. అక్కడ మేం ఆదివారాలు ఉత్సాహంగా తెచ్చి గురువారాలు మౌనంగా పారేసే ఆకుకూరలతో ఫ్రిజ్ తన కరెంటు తానే చేసుకోవచ్చు.

ఇంతకీ కంద సంగతి. ఏళ్లు గడిచినా ఆ అపరాధం నన్ను వదల్లేదు. మొన్న అత్తగారు మళ్లీ వస్తున్నారంటే ముందురోజే కూకట్‌పల్లి వెళ్లి, ఫొటోతో పోల్చి చూసుకుని, ఏనుగు పాదంలాంటి ముక్క కొన్నాను. పాపపరిహారంగా నేనే కత్తిపీట ముందు కూర్చుని చెక్కు తీశాను. చేతులకు నూనె రాసుకోవాలని ఎవరూ చెప్పలేదు, చెబుతారని ఆగిందీ లేదు. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయట. అవి చర్మంలో గుచ్చుకుంటాయి. అవి గుచ్చుకున్నాక తెలిసింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మనవాళ్లు సామెత చెప్పారు. కందను తలుచుకున్నారు, కత్తిపీటను తలుచుకున్నారు, మధ్యలో ఉన్న చేతుల గురించి ఒక్క ముక్క అనలేదు. అత్తగారు వచ్చి చింతపండు పులుసులో నా రెండు చేతులూ ముంచి కూర్చోబెట్టారు. నాకు అన్నం మా ఆవిడ కలిపి పెట్టింది. ఆవ ఘాటు ముక్కుకెక్కుతుంటే, కంద వెన్నలా కరిగి, బచ్చలి కాడ నమిలినప్పుడల్లా పులుపు ఊరుతుంటే, ఇన్నేళ్లు దాన్ని ఏనుగు పాదమని తిట్టుకున్నందుకు లెంపలు వేసుకుందామనుకున్నాను. చేతులు ఖాళీగా లేవు.

ఈ వారం జాబితా వచ్చింది. చేమదుంపలు కిలో, గోరుచిక్కుడు అరకిలో. ఆదివారం పొద్దున కూకట్‌పల్లిలో ఫోన్ చేత్తో పట్టుకుని, గోనెపట్టా ముందు నిలబడి దిక్కులు చూస్తున్న మనిషి కనిపిస్తే అది నేనే. మీ వైపు వాటినేమంటారో కాస్త చెప్పి వెళ్లండి.