కందనకాయలో కాపురం

నేను పలుగురాయి పలుకును. కందిగింజంత ఉంటాను. తెలంగాణ నల్లరాతి గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లంటారు. ఆ గుట్టల్లో తెల్లచారగా ఉన్న రాతి నుంచి విరిగి, వానలకు కొట్టుకొచ్చి, హనుమకొండ దగ్గర ఒక వాగు ఇసుకలో పడ్డాను. ఇప్పుడు ఒక గ్రామప్రియ జాతి కోడిపెట్ట కందనకాయలో ఉంటున్నాను. ఇన్ని కోట్ల ఏళ్లకు చేతినిండా పని దొరికింది.

మట్టిలో తిరిగే నాటుకోడి తనకు కావలసిన రాళ్లు తానే ఏరుకుంటుంది. మా పెట్ట తిరిగేది సిమెంటు గచ్చు మీద. అందుకే ఇంటి అవ్వ వాగు ఇసుక జల్లెడపట్టి, కడిగి, కొబ్బరిచిప్పలో పోసి గోడవార పెట్టింది. అలా నేను లోపలికొచ్చాను.

కోడికి పళ్లు లేవు. జొన్నగింజ మేతసంచిలో నాని, ఆ కింది చిన్న పొట్టలో ఆమ్లంతో తడిసి నా దగ్గరికి వస్తుంది. ఎర్రటి మందపు కండ నిమిషానికి రెండు మూడుసార్లు బిగుసుకుంటుంది. ఆ ఒత్తిడికి నేనూ తోటి రాళ్లూ కలిసి గింజను నలిపి పిండి చేస్తాం. మా రాపిడి కండకు తగలకుండా మధ్యలో పసుప్పచ్చటి గట్టి పొర ఉంటుంది. కందనకాయ శుభ్రం చేసేటప్పుడు ఒలిచి పారేసేది దాన్నే. పిండిదాణా ఒక్కటే తినే కోడికి మాతో అంత అవసరం లేదు. గింజలూ గడ్డిపరకలూ తినేదానికి మేం ఉండాల్సిందే.

రాళ్లు వేశాం కదా, ఇక గుడ్డు పెంకు గట్టిపడుతుందిలే అనుకునేవాళ్లున్నారు. నాలో సున్నం లేదు. ఆ ఆమ్లం నన్నేమీ చేయలేదు. పెంకు పని ఆల్చిప్పది. అది నురగలు కక్కుతూ కరిగిపోతుంది, నేను పక్కనే ఉండి చూస్తుంటాను. ఒక గుడ్డు పెంకు కట్టడానికి ఇరవై గంటల దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. ఆ వేళ మేత ఉండదు. సాయంత్రం మింగిన ఆల్చిప్ప ముక్కలు కాస్త పెద్దవైతే, తెల్లవార్లూ కొంచెం కొంచెంగా కరుగుతూ కాల్షియం అందిస్తాయి. ఒక్కో పెంకుకు రెండు గ్రాములకు పైనే కావాలి. తిండిలో దొరక్కపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసిస్తుంది. అది ఎన్నాళ్లో సాగదు: పెంకు పలచబడుతుంది, తోలుగుడ్లు పడతాయి, కాళ్లు నీరసిస్తాయి. ఎండ తగలకపోయినా చిక్కే, విటమిన్ డి లేకుండా ఆ సున్నం ఒంటికి పట్టదు.

ఒకరోజు మనవడు అడగడం విన్నాను: "అవ్వా, రాళ్లూ ఆల్చిప్పా రెండూ దాణాల్నే కలుపరాదే?"

"వద్దు బిడ్డా. ఎంత కావాల్నో పెట్టకే ఎరుక. పుంజుకు గుడ్డు పెట్టే పని లేకపాయె. పిల్లలకైతే ఆల్చిప్ప అసలే పెట్టొద్దు."

అవ్వ మాట అక్షరాలా నిజం. గుడ్లకు రాని పిల్లలకు సున్నం ఎక్కువైతే మూత్రపిండాలు పాడవుతాయి. గింజలు మొదలుపెట్టాక వాటికి సన్నటి గరుకు ఇసుక చాలు. ఆల్చిప్ప దొరకనినాడు అవ్వ గుడ్డు పెంకులే ఎండబెట్టి, గుడ్డన్న ఆనవాలు లేకుండా నలగ్గొట్టి వేరే చిప్పలో పెడుతుంది. లేకపోతే కోళ్లు గుడ్లు పొడుచుకు తినడం మరిగే ప్రమాదముంది.

నా అంచులు అరిగాయి. నున్నబడిన రాయి కింద గింజ జారిపోతుంది. ఇంకొంత అరిగితే రెట్టతో బయటపడతాను. నిన్న పెట్ట రెండు కొత్త పలుకులు మింగింది. వాటి అంచులు పదునుగా ఉన్నాయి, జొన్నలు తొందరగా నలుగుతున్నాయి.