ఈస్ట్ ఫేసింగ్ లేని ఎడారి

కంప్యూటర్లో యుద్ధాలు చేసేవాళ్ళకి అసలు శత్రువు మౌస్ చక్రం. ముందుకి తిప్పితే ఒక బెటాలియన్ కనిపిస్తుంది, అది ఏ దేశంలో ఉందో తెలీదు. వెనక్కి తిప్పితే దేశం కనిపిస్తుంది, బెటాలియన్ ఎక్కడుందో తెలీదు. అలా తిప్పగా తిప్పగా చూపుడువేలు నొప్పెట్టిన ఏదో ఒక అర్ధరాత్రి, ప్రతి వార్‌గేమ్ ఆటగాడూ ఒకే నిర్ణయానికి వస్తాడు: "ఛ, ఈ మ్యాపేదో కాగితం మీద ప్రింటు తీయించుకుని గోడకి అంటించేస్తే పోలా?"

పోదు.

కోరిక న్యాయమైనదే. అమెరికాలో బోర్డు వార్‌గేమ్‌ల మ్యాపులకి చాలాకాలంగా స్థిరపడిపోయిన కొలత 22 అంగుళాలకి 34 అంగుళాలు. ఆ కాగితాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే 6 కోట్ల 73 లక్షల చుక్కలవుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్లో పట్టేవి 20 లక్షల 73 వేలు. అంటే ఉన్నదున్నట్టు చూడాలంటే ఒక్కసారికి ముప్పై రెండో వంతు. మిగతా ముప్పై ఒక్క వంతుల్లో ఏం జరుగుతోందో పైనున్న దేవుడికి తెలియాలి, లేదా అవతలి జట్టుకి తెలియాలి.

ఒకప్పుడు యుద్ధమంతా ఒక్కచోటే పరిచి ఆడేవారు. 1942లో లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి ఒక పెద్ద గది నేలంతా లినోలియం పరిపించి, దాన్నే అట్లాంటిక్ మహాసముద్రం చేశాడు. నౌకాదళంలో పనిచేసే యువతులు సుద్దముక్కలతో గీతలు గీస్తూ బొమ్మ ఓడల్ని జరిపేవారు. జర్మన్ జలాంతర్గాముల్ని ఎలా వేటాడాలో నేర్చుకోవడానికి వచ్చిన అధికారుల్ని మాత్రం కాన్వాసు తెరల వెనక నిలబెట్టి, కంతల్లోంచి చూడమన్నారు. నడిసముద్రంలో వాళ్ళకి నిజంగా కనబడేది అంతే కాబట్టి. ఎనభై ఏళ్ళు గడిచాయి. మన కంప్యూటర్లు ఆ కంతని భద్రంగా కాపాడుకున్నాయి, నేలని తీసేశాయి.

ఇక ప్రింటు. యుద్ధాల ఆటల మెనూల్లో లేని సదుపాయం ఉండదు. ఫిరంగి మోత తగ్గించవచ్చు, మంచు కురిపించవచ్చు, గీతలు చూపించవచ్చు, దాచవచ్చు. ప్రింట్ అన్న మాట మాత్రం చాలావాటిలో కనబడదు. కాబట్టి మన సేనాపతి (పేరు ఎందుకు, ఊరికొకడు ఉంటాడు) స్క్రీన్‌షాట్ల మీద స్క్రీన్‌షాట్లు తీసి, ఒకదాని అంచు ఇంకోదానికి కలుపుతూ కూర్చుంటాడు. రెండో ప్రపంచ యుద్ధపు ఉత్తర ఆఫ్రికా మ్యాపు పూర్తయ్యేసరికి టోబ్రూక్ రేవు రెండుసార్లు వస్తుంది, బార్దియా రేవు ఒక్కసారీ రాదు.

ఇంట్లో ఇంక్‌జెట్ ఉంది కదా అని ధైర్యం. ఎడారి యుద్ధం ఎంచుకున్నవాడి ఖర్మేమిటంటే, మ్యాపులో మూడొంతులు పసుపు. మూడో కాగితానికి పసుపు ఇంకు అయిపోతుంది. నాలుగో కాగితంలో లిబియా గులాబీ రంగులో వస్తుంది. పోనీ మిగతాది నలుపు తెలుపుల్లో తీద్దామా అంటే, పసుపు కాట్రిడ్జి మారిస్తేనే కదులుతానని ప్రింటరు మొరాయిస్తుంది. నల్ల ఇంకు నిండుగా ఉన్నా సరే. ప్రపంచంలో ఏ సైన్యంలోనూ ఇంత ఐకమత్యం చూడం.

అసలు బాధ ఇంకు కాదు, కాగితం. దాని గురించి కొంచెం చెప్పుకోవాలి.

ఈ ఆట పుట్టిల్లు జర్మన్ రాజ్యమైన ప్రష్యా. 1812లో రైస్‌విట్జ్ అనే ఆయన రాజుగారి కోసం సొరుగులున్న పెద్ద బల్ల చేయించి, దాని మీద కొండలూ నదులూ ఉన్న పలకలు పేర్చుకుని ఆడే ఏర్పాటు చేశాడు. రాజుగారిల్లు కాబట్టి బల్ల పట్టింది. కొడుకు ఇంకాస్త లోకజ్ఞానం ఉన్నవాడు. 1824లో ఆటని బల్ల మీంచి దింపి 1:8000 స్కేలులో అచ్చేసిన మ్యాపుల మీదికి తెచ్చాడు. ఆటలో కాగితం అలా ప్రవేశించింది.

విచిత్రమేమిటంటే మనం వాడే ఏ4 పుట్టిల్లూ ఆ జర్మన్ గడ్డే. కాగితాన్ని సగానికి మడిస్తే ఆకారం మారకుండా ఉండాలంటే పొడవు వెడల్పుల నిష్పత్తి రెండు యొక్క వర్గమూలం కావాలని 1786లోనే గాటింగెన్ ప్రొఫెసర్ లిచ్టెన్‌బర్గ్ ఒక ఉత్తరంలో రాశాడు. 1922లో వాల్టర్ పోర్స్ట్‌మన్ దాన్ని జర్మనీ ప్రమాణంగా మలిచాడు. ఏ0 అంటే సరిగ్గా ఒక చదరపు మీటరు, అందులో సగం ఏ1, దాన్లో సగం ఏ2, ఇలా ఎంత దూరమైనా పోవచ్చు. పంపకాల్లో ఇంత న్యాయం అన్నదమ్ముల మధ్య కూడా కనబడదు. ఈ ఆటా, ఈ కాగితమూ ఒకే ఇంటి బిడ్డలు కాబట్టి ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయని ఎవరైనా అనుకుంటారు.

సరిపోవు. ఆట అమెరికాకి కాపురానికి వెళ్ళిపోయింది. 1954లో చార్లెస్ రాబర్ట్స్ (ఇందాకటి రాబర్ట్స్ కాదు, ఈ రంగంలో రాబర్ట్స్‌లకి కొదవలేదు) 'టాక్టిక్స్' అనే ఆట అచ్చువేశాడు. 1958లో అవలాన్ హిల్ కంపెనీ పెట్టాడు. 1961 నుంచి ఆ కంపెనీ మ్యాపుల మీదికి చదరాల బదులు షడ్భుజులు వచ్చాయి. వాటినే ఆటగాళ్ళు ముద్దుగా హెక్స్‌లంటారు. అక్కడి కాగితం అంగుళాల కాగితం: ఎనిమిదిన్నరకి పదకొండు. అవి ఎనిమిది పక్కపక్కన పేరిస్తే 22కి 34, వెంట్రుకవాసి తేడా ఉండదు. ఏ4 కాగితం మాత్రం ఇండియాకొచ్చింది. నిన్నమొన్నటిదాకా లీగల్ సైజుని వదలని సుప్రీంకోర్టు కూడా 2020లో ఏ4కి మారింది. అంటే ఈ దేశంలో ఇక అప్పీలుకి కూడా తావులేదు.

ఇప్పుడు ఏ1 కొలత చూడండి: 594 మిల్లీమీటర్లకి 841. మ్యాపు: 559కి 864. వెడల్పులో మూడున్నర సెంటీమీటర్లు మిగులు, పొడవులో రెండున్నర సెంటీమీటర్లకి కొంచెం తక్కువ తరుగు. మిగిలినచోట అవసరం లేదు, అవసరమైనచోట మిగల్లేదు. తరిగే ఆ ముక్కలో ఒక వరస హెక్స్‌లు పోతాయి. సరే, డబ్బు పోతే పోయిందని ఏ0 తీసుకుంటే, సగానికి పైగా తెల్ల కాగితానికే బిల్లు కట్టాలి. పోనీ ఇంట్లోనే ఏ4 ముక్కలుగా తీద్దామంటే, ప్రింటరు నాలుగు పక్కలా అయిదేసి మిల్లీమీటర్లు వదిలేస్తుంది కాబట్టి, కాగితాన్ని అడ్డంగా తిప్పినా పది కావాలి. నిలువుగా పెడితే పన్నెండు. అందులో ఆఖరి వరస మూడు కాగితాలూ రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని చార కోసం. ఆ చారలో ఉండేది ఎప్పుడూ ఇసుకే. పోనీలే అని పారేద్దామంటే అందులోనే ఒక బావి ఉంటుంది.

'ఫిట్ టు పేజ్' అనే మీట గురించి మాట్లాడకపోవడమే మంచిది. అది చల్లగా మ్యాపుని నూటికి మూడు నాలుగు పాళ్ళు కుదిస్తుంది, ఆ సంగతి కత్తెరా జిగురూ అన్నీ అయ్యాక తెలుస్తుంది. దళానికి గుర్తుగా పెట్టే అరంగుళం అట్టముక్క, అంటే కౌంటరు, హెక్స్‌లోంచి పక్కవాడి హెక్స్‌లోకి కాలు చాపుతుంది.

అందుకని సేనాపతి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని అమీర్‌పేట వెళ్ళాడు. ఇంజనీరింగ్ పిల్లల డ్రాయింగులు తీసే ప్లాటర్ ఉన్న జిరాక్స్ షాపు. కుర్రాడు ఫైలు తెరిచి, జూమ్ చేసి, గౌరవంగా లేచి నిలబడ్డాడు.

"ఏ వెంచర్ సార్? శాద్‌నగర్ దిక్కా?"

"వెంచర్ కాదు బాబూ, ఆట."

"ఆటనా?" అన్నాడు కానీ నమ్మలేదు. మళ్ళీ తెర వైపు చూశాడు. "ప్లాట్లేంది సార్, అన్నీ ఆరు మూలలున్నయ్? ఈస్ట్ ఫేసింగ్ ఒక్కటి గూడ లేదు. గిట్లయితే అమ్ముడుపోవు."

నవ్వుదామనుకున్న సేనాపతి ఆగిపోయాడు. కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. పైనా కిందా చదునుగా ఉండే షడ్భుజికి ఉత్తరం, ఈశాన్యం, ఆగ్నేయం, దక్షిణం, నైరుతి, వాయవ్యం ఉంటాయి. తూర్పూ పడమరా ఉండవు. ఆ ఎడారి యుద్ధం చాలావరకు సముద్రపు ఒడ్డు వెంట తూర్పు పడమరలుగానే సాగింది. అంటే జర్మన్ సేనాని రోమెల్ నేరుగా ఈజిప్టు వెళ్ళలేడు. ఒక అడుగు ఈశాన్యానికీ ఒక అడుగు ఆగ్నేయానికీ వేస్తూ, కల్లు దుకాణంలోంచి ఇంటికి వెళ్తున్నట్టు వెళ్ళాలి. పోనీ షడ్భుజిని తిప్పి మొనని పైకి పెడితే తూర్పు వస్తుంది, ఉత్తరం పోతుంది. ఇంద్రుణ్ణి పిలిస్తే కుబేరుడు లేచిపోతాడు. ఎన్ని తరాల ఆటగాళ్ళు సర్దుకుపోయారో ఈ వాస్తు దోషంతో!

ప్లాటర్ బాగుంది కానీ, దాని పక్కనే ఉన్న ఫ్లెక్సు మీద ఆశ పడకూడదు. చదరపు అడుగుల లెక్కన చౌకే. అది పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే నాయకుల కోసం, రోడ్డుకి అవతలి వైపు నుంచి చూడటానికి తయారైన సరుకు. దగ్గరికెళ్తే నాయకుడి మీసమే చుక్కలు చుక్కలుగా కనబడుతుంది, ఇక హెక్స్ మీద ఉండే చీమ తలకాయంత అంకె సంగతి చెప్పాలా? పైగా చుట్ట విప్పాక బల్ల మీద చదునుగా పడుకోదు. నాలుగు మూలలా నాలుగు స్టీలు డబ్బాలు పెట్టాలి. వాటిలో ఒకటి కచ్చితంగా ఇంట్లోవాళ్ళకి అప్పుడే అవసరమైన పోపులడబ్బా అయి ఉంటుంది.

ఇంటికొచ్చాక పరిచే చోటు సమస్య. డైనింగ్ టేబుల్ ఎనిమిది గంటలకి ఖాళీ చేయాలి. నేల మీద పరిస్తే ఫ్యాను. వేస్తే పాంజర్ ట్యాంకు దళాలు సోఫా కిందికి పోతాయి, ఆపితే సేనాపతి చెమట బొట్లు మధ్యధరా సముద్రాన్ని పెంచుతాయి. ప్రొజెక్టరు పెట్టి గోడ మీద చూసేవాళ్ళూ ఉన్నారు. బల్లి ఒకటి అల్ అలమీన్ నుంచి ట్రిపోలీదాకా ఒక్క పరుగులో వెళ్ళిపోతుంటే, దాని పెట్రోలు సరఫరా ఎవరు చూస్తున్నారా అని అసూయ పుడుతుంది.

సరఫరా అంటే గుర్తొచ్చింది. 1979లో రిచర్డ్ బెర్గ్ రూపొందించిన 'ది క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా' అనే ఆట మ్యాపు షీట్లన్నీ కలిపి పరిస్తే పది అడుగుల దాకా వస్తుంది. ఇటాలియన్ దళాలకి పాస్తా ఉడకబెట్టుకోవడానికి అదనంగా నీళ్ళివ్వాలన్న నియమం వల్ల అది లోకప్రసిద్ధమైంది. ఆ నియమం చూసి నవ్వనివాడు లేడు. అయితే అంత పొడుగు మ్యాపు ఒకసారి నేల మీద పరుచుకుని మోకాళ్ళ మీద దాని వెంట పాకినవాడికి నవ్వు సగంలో ఆగుతుంది. తెర మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక క్లిక్కు. కాగితం మీద అది దూరం.

ఆ దూరాన్ని నిజంగా దాటినవాళ్ళున్నారు. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 4వ ఇండియన్ డివిజన్ 1940 డిసెంబరులో ఈజిప్టులోని సిదీ బరానీ దగ్గర పోరాడింది. అక్కణ్ణించి దాన్ని ఎరిత్రియాలోని కెరెన్ కొండలకి పంపారు. మ్యాపు అంచు దాటి ఇంకా చాలా కిందికి, అంటే సేనాపతి ఇంట్లో అయితే వంటగదిలోకి. మళ్ళీ ఎడారికి రప్పించారు. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో వాదీ అకారిట్ దగ్గర ఉంది. ఆ డివిజన్ ఇంజనీరు దళాల్లో మద్రాసు సాపర్లు కూడా ఉన్నారు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయి. మ్యాపు మీద ఆ డివిజన్ అంతా కలిసి ఒక అరంగుళం అట్టముక్క. దాని మీద ఒక అంకె. సిదీ బరానీ నుంచి కౌంటరుని వేలితో జరుపుకుంటూ పోతే మధ్యలో రెండుసార్లు మోకాళ్ళు మార్చుకోవాలి. ఆ రోజుల్లో ఉత్తరం కోసం గుమ్మంలో ఎదురుచూసినవాళ్ళలో, తమవాడు ఎటువైపు వెళ్ళాడో చూపించే కాగితం ఎంతమందికి దొరికిందో. దొరికినా, చూడాలనిపించేదో లేదో.

అంత కష్టపడి ఏ0 మీద తీయించి, మిగిలిన తెల్ల కాగితం కత్తిరించి, మ్యాట్ ల్యామినేషన్ కూడా చేయించిన వారానికి ఆట కంపెనీ ప్యాచ్ విడుదల చేసింది. కొత్తగా వచ్చిన మార్పుల్లో పదిహేడోది: మెర్సా మత్రూ దగ్గర రైలు పట్టాలు పొరపాటున ఒక హెక్స్ కిందికి గీశాం, సరిచేశాం. సేనాపతి పాత పట్టాలు చెరపడానికి స్పిరిట్ వాడి చూశాడు, కదల్లేదు. అమ్మాయిని స్కెచ్ పెన్నులు అడగండి అని ఇంట్లోంచి సలహా వచ్చింది. డబ్బాలో అన్నీ ఎండిపోయాయి, పచ్చది తప్ప. ప్రస్తుతం ఆ మ్యాపులో ఈజిప్టు సైనిక రైలు మార్గాలు రెండు, అందులో పచ్చదే అసలుది.