పెట్టె మాస్టారి బ్యాచి

భద్రాచలం చుట్టుపక్కల భజన బ్యాచి లేని ఊరు లేదు. గొడవ పడని భజన బ్యాచీ లేదు.

ప్రతి బ్యాచికీ ఒక పెట్టె మాస్టారు ఉంటాడు. హార్మోనియం వాయించడం పేరుకే. బ్యాచికి ప్రిన్సిపాలూ, క్యాషియరూ ఆయనే. ఆటోలో ముందు సీటు కూడా ఆయనదే. పెట్టె బరువు కాబట్టి మోసే పని మాత్రం మిగతావాళ్లది. బడిలోనో, సింగరేణిలోనో రిటైరై ఉంటాడు. భుజాన తువ్వాలు, బుగ్గన లవంగం. నేను చెప్పబోయే మాస్టారికి ఇంకో అర్హత కూడా ఉంది, ఆయనది నేలకొండపల్లి. కంచర్ల గోపన్న పుట్టిన ఊరు కదా, రామదాసు కీర్తనలన్నీ తన తాతగారి ఆస్తి అన్నట్టే మాట్లాడతాడు. చరణం మరిచిపోయి పక్కచరణంలోకి దూకినా అది తప్పు కాదట, నేలకొండపల్లి పాఠాంతరమట.

భజన మొదలయ్యే ముందు తిత్తి ఊపుతూ "శ్రుతి చూసుకోండ్రా" అని అరగంట అందర్నీ కాల్చుకు తింటాడు. తను మాత్రం చూసుకోడు. ఎవరు తప్పినా తన పెట్టె తప్పదని ధీమా. ఆ రీడ్లలో ఒకటి కిందటి వానాకాలం నుంచీ మూగబోయింది. పాటలో ఆ స్వరం వచ్చేచోట మాస్టారు కళ్లు మూసుకుని చెయ్యి పైకెత్తుతాడు. జనం భక్తి అనుకుని దణ్ణం పెడతారు.

తాళాల తాతకు చెవుడు. పాట ఏ కాలంలో నడుస్తున్నా ఆయన చేతులు మాత్రం తన పడుచుదనంలో నేర్చుకున్న కాలంలోనే నడుస్తాయి. గుడి తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది కాబట్టి ఎవరూ నోరెత్తరు.

తబలా బావది ఎటపాక. భద్రాచలం వీధుల్ని ఆనుకునే ఉన్న ఊరు, కానీ 2014లో ముంపు మండలాలతో పాటు ఆంధ్రప్రదేశ్‌కి పోయింది. సైకిలెక్కితే కాసేపట్లో వచ్చి వాలొచ్చు. అయినా ప్రతిసారీ ఆలస్యమే. "ఏమయ్యా?" అంటే "వేరే రాష్ట్రం నించి రావాలి కదా మాస్టారూ" అంటాడు. దానికి మాస్టారి దగ్గర జవాబు లేదు. గుడిలో స్వామి తెలంగాణలో ఉన్నాడు, స్వామి పొలాలేమో పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో, ఎనిమిది వందల ఎకరాల పైచిలుకు ఉన్నాయి. దేవుడికే తప్పని సరిహద్దు తబలాకి ఎలా తప్పుతుంది?

నాలుగోవాడు దుమ్ముగూడెం వైపు కోయగూడెం నుంచి వచ్చే డోలన్న. బ్యాచి మొత్తంలో లయ ఉన్నది ఇతనొక్కడికే, కాబట్టి మాస్టారు ఇతన్ని చివరన కూర్చోబెడతాడు. ఒకసారి "నీ డోలు మరీ మోటురా" అని నోరు జారాడు. డోలన్న తొణకలేదు. "మా డోలుకి పద్మశ్రీ వచ్చింది మాస్టారూ. 2022లో, మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్య గారికి. మీ పెట్టెకేం వచ్చింది?" మాస్టారు చప్పున కీర్తన ఎత్తుకున్నాడు. పెట్టెకేం వచ్చిందో ఆయనకి బాగా తెలుసు. గమకం పలకదని రేడియోవాళ్లు 1940లో దాన్ని గెంటేస్తే, మళ్లీ గడప తొక్కడానికి 1971 దాకా పట్టింది. ఆ సంగతి బ్యాచికి చెప్పింది కూడా ఆయనే, కాకపోతే బ్రిటిషువాళ్ల కుట్ర అని చెప్పాడు.

ఇలా సాఫీగా పోట్లాడుకుంటున్న బ్యాచిలోకి బీటెక్ చదివే మాస్టారి మనవడు ఓ సాయంత్రం మూరకి కాస్త ఎక్కువున్న వాద్యంతో వచ్చి కూర్చున్నాడు.

"ఏందిరా ఇది, గిటారు పిల్లా?"

"ఉకులేలే తాతయ్యా. హవాయిది."

"హవాయి చెప్పులు తెలుసు. వాళ్లకి సంగీతం కూడా ఉందా?"

ఉందిట. 1879లో పోర్చుగల్ వాళ్ల మదీరా దీవి నుంచి చెరకుతోటల్లో పనికి ఓడెక్కి వెళ్లినవాళ్లు తమ చిన్న తీగవాద్యాన్ని వెంట తీసుకెళ్లారు. హవాయి వాళ్లు దాన్ని సొంతం చేసుకుని ఆ పేరు పెట్టుకున్నారు. మనవడు ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పి, "మీ పెట్టె కూడా యూరప్ నుంచి వచ్చిందేగా" అన్నాడు. తబలా బావ దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

మాస్టారు పరీక్ష మొదలుపెట్టాడు. నాలుగూ నైలాన్ తీగలు. గడ్డం వైపున్న తీగ మంద్రంగా పలకాలి కదా, అదేమో పక్కనున్న రెండింటికన్నా పైస్థాయిలో కీచుమంది. "మొదటి తీగే తప్పు కట్టావు, ఇంకేం వాయిస్తావురా?" దాని కట్టుబడే అంత అని మనవడు ఎంత మొత్తుకున్నా వినలేదు. చివరికి వాడు ఫోనులో శ్రుతి చూసే యాప్ తెరిచాడు. తీగ మీటితే పచ్చలైటు వెలిగింది. "ఇప్పుడు మీ పెట్టె వాయించండి తాతయ్యా." మాస్టారు ఆధారషడ్జం మీద వేలు పెట్టి నిండుగా తిత్తి ఊపాడు. ఎర్రలైటు. ఇంకాస్త గట్టిగా ఊపాడు. ఇంకాస్త ఎర్రగా.

"ఫోనుకేం తెలుస్తుందిరా భక్తి?" అన్నాడు.

ధనుర్మాసం భజనలో తాత తాళాల హోరుకి ఉకులేలే మోత ఎవరి చెవినీ పడలేదు. ఫోటోలన్నిట్లో మాత్రం అదే పడింది. వారం తిరక్కుండా పాల్వంచ వైపు నుంచి "ఆ బుల్లి గిటారు బ్యాచిని పంపండి" అని ఫోను. మాస్టారు గొంతు సవరించుకుని, "మా దగ్గర ఫారిన్ వాద్యం ఉందండీ, ఆటో కిరాయి కాస్త ఎక్కువవుతుంది" అన్నాడు. ఆ కిరాయి తేడా మనవడి చేతికి ఇంతవరకూ అందలేదు.

మీ ఊరికీ పిలవాలనుకుంటే మైకులు రెండు పెట్టించండి. ఒకటి మాస్టారికి, రెండోది మిగతా అందరికీ. మిరపకాయ బజ్జీలు మాత్రం హారతి అయ్యాకే బయటికి తియ్యండి. ముందే వాసన తగిలిందా, తాళాల తాత మంగళం పాడించేస్తాడు.