అన్నం దగ్గర అధికార విభజన

అన్నప్రాశన నాడు శిశువు ముందు పుస్తకం, కలం, బంగారం, పువ్వులు, కత్తి పరిచి, పాకుతూ వెళ్లి దేన్ని పట్టుకుంటే దాన్ని బట్టి భవిష్యత్తు తేల్చే తెలుగు కుటుంబాలు, అదే నాడు నోటికందించిన పరమాన్నంలో రెండో ముద్ద కావాలో వద్దో చెప్పే హక్కును మాత్రం ఆ శిశువుకు ఆ తరువాత పదేళ్ల దాకా ఇవ్వవు. వృత్తి విషయంలో ఇంత ఉదారంగా ఉండే పెద్దలు ముద్ద విషయంలో అంత నిరంకుశులు కావడం పరిశీలించదగిన విషయం.

ఈ నిరంకుశత్వానికి మార్గాలు అనేకం. చందమామను చూపి తినిపించడం కావ్యమార్గం కాగా, బూచాడికి పట్టిస్తామనడం దండోపాయం. తాత ముద్ద, అత్త ముద్ద అంటూ చుట్టాలందరినీ వరుసగా మింగించడం బంధుత్వమార్గం. ఫోనులో బొమ్మలు ఆడుతుండగా తెరిచిన నోట్లోకి పప్పన్నం తోసేయడం నేటి రాజమార్గం. తాను తింటున్నట్టు తినేవాడికి తెలియకుండా చూడడమే వీటిలో చాలావాటి రహస్యం.

కొత్త తిండిని అనుమానించే గుణాన్ని శాస్త్రజ్ఞులు నియోఫోబియా అంటారు. ఇది రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఎక్కువగా కనిపించి, చాలామందిలో క్రమంగా సర్దుకుంటుంది. కొందరి సంగతి వేరు. వారు దద్ధోజనంలోని ఆవగింజలను ఒక్కొక్కటిగా వేలికొనతో వెలికితీసి పళ్లెం అంచున పేర్చి, ఆ పని పూర్తయ్యేసరికి ఆకలి చచ్చిందని లేచిపోతారు. మూల విరిగిన బిస్కెట్టును బిస్కెట్టుగా గుర్తించరు. చట్నీ అంటిన ఇడ్లీని పక్కకు నెట్టడమే కాక, దాని పక్కన కూర్చున్న నిర్దోషి ఇడ్లీని కూడా వెలివేస్తారు. ఇది మొండితనం కాకపోవచ్చు. రుచి, వాసన, మెత్తదనం భరించలేకపోవడం వల్లనో, గొంతుకు అడ్డం పడుతుందన్న భయం వల్లనో, అసలు తిండి మీద ఆసక్తే లేకపోవడం వల్లనో పోషణ దెబ్బతినేంతగా తిండి మానేసే స్థితికి అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 గ్రంథం ఆర్ఫిడ్ అని పేరు పెట్టింది.

ఇటువంటి పిల్లలున్న ఇళ్లకు పనికివచ్చే సూత్రాన్ని అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ రూపొందించారు. ఏమి వండాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దల అధికారాలు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి పిల్లల అధికారాలు. ఒకరి శాఖలో మరొకరు వేలు పెట్టరాదు. ఆచరణలో దీనర్థం ఏమంటే, బిడ్డ తినే పెరుగన్నమో ఇడ్లీయో ఒకటి పళ్లెంలో తప్పక ఉండగా, ఇంట్లో అందరూ తినే బెండకాయ వేపుడు ఒక ముక్క పక్కన పెట్టి, దాని గురించి నోరెత్తకుండా ఉండడం. బిడ్డ దాన్ని తాకినా, వాసన చూసినా, నాకి ఉమ్మేసినా పురోగతే; ఒక కొత్త పదార్థాన్ని ఒప్పుకోవడానికి చాలామంది పిల్లలకు అది ఎనిమిది నుంచి పదిహేను సార్లు కనబడాలి, సున్నితత్వం ఎక్కువైనవారికి ఇంకా ఎక్కువసార్లు. అన్నం తినలేదు గదా అని గంటగంటకూ పాలగ్లాసు పట్టించడం మాత్రం ఆకలిని చంపడమే కాక, ఒంట్లో ఇనుము తగ్గడానికీ దారితీస్తుంది.

బలవంతం వల్ల పని జరగదనడానికి ఆధారం లేకపోలేదు. చిన్నపిల్లలకు సూప్ ఇచ్చి, కొన్నిసార్లు పూర్తిచేయమని పదేపదే చెప్పి, కొన్నిసార్లు ఊరకే వదిలేసిన ఒక అమెరికా అధ్యయనం 2006లో వెలువడింది. ఊరకున్నప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు, చెప్పినప్పుడు ఆ సూప్‌ను ఎక్కువగా తిట్టారు. బెండకాయ తింటే చాక్లెట్ ఇస్తామనడమూ ఇంతే: లంచం ఇస్తే గాని తినలేని పదార్థం బెండకాయ అని పెద్దలే ధ్రువీకరించినట్టవుతుంది.

బరువు తగ్గుతున్నా, ఎదుగుదల ఆగినా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా, తినే పదార్థాలు ఒక్కొక్కటే జారిపోతున్నా ఆలస్యం చేయకుండా పిల్లల వైద్యునికి చూపించాలి. అక్కడ తూకం యంత్రం చెప్పేదే ప్రమాణం, పక్కింటివారి కంటిచూపు కాదు. ఇక చుట్టపుచూపుగా వచ్చేవారికి విన్నపం ఒక్కటే: బిడ్డ అన్నం దగ్గర కూర్చున్నప్పుడు “ఏమిటమ్మా, ఇంత చిక్కిపోయాడు” అన్న మాట నాలుక చివరికి వస్తే, దాన్ని కాఫీతో పాటు గుటుక్కున మింగేయండి.