నేను స్లాబుని

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు పై అంతస్తు పడగ్గదికి కప్పుని నేను. బాలింతకు పథ్యం ఎంతో, కొత్తగా పోసిన స్లాబుకు తడి అంత. ఎండకాలంలో పోస్తే పది రోజులకు తక్కువ కాకుండా తడపాలని కాంక్రీటు పనికి సంబంధించిన ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. నన్ను పోసింది నడివేసవిలో. నా మీద మళ్లు కట్టి నీళ్లు నిలిపారు గానీ, ట్యాంకరు ఖర్చుకు వెనకాడి బిల్డరు మధ్యలోనే ఆపించాడు. కూలీల తప్పేమీ లేదు. నీళ్లు కావాలని వాళ్లు అడుగుతూనే ఉన్నారు.

సన్నటి పగుళ్లు వచ్చాయి. వాన నీరు వాటిగుండా ఊచల దాకా దిగింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. ఒక రాత్రి నా పెచ్చు ఒకటి మంచం పక్కనే పడింది. అక్కడ చిన్నపిల్ల పడుకుని ఉంది.

ఫ్లాటు కొన్న టీచరమ్మ ఫోను చేసినప్పుడల్లా బిల్డరు మనిషి వచ్చి లప్పం పూసి, రంగు వేసి వెళ్లేవాడు. "కొత్త బిల్డింగు కదా మేడం, సర్దుకుంటుంది" అనేవాడు. చివరికి ఎదురు ఫ్లాటు రిటైర్డ్ ఇంజనీరు గారే అన్నారు: "నోటిమాటకు రుజువేదమ్మా? రాసి ఇవ్వండి."

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టం 14(3) సెక్షన్ టీచరమ్మ లాంటి వాళ్ల కోసమే ఉంది. ఇల్లు స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కట్టాలి. టీచరమ్మ రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపింది. గడువు దాటినా జవాబు రాలేదు. అమ్మకపు ఒప్పందం, పోస్టు రసీదు, తేదీలున్న ఫోటోలు జతచేసి, వెయ్యి రూపాయల రుసుముతో ఆ చట్టాన్ని అమలు చేసే తెలంగాణ రెరా సంస్థకు 'ఫారం ఎం'లో ఫిర్యాదు పెట్టింది.

మెయింటెనెన్స్ సరిగా లేకనే ఇలా అయిందని బిల్డరు వాదించాడు. నాలోంచి ఒక ముక్క కోసి పరీక్షకు పంపారు. కాంక్రీటు బలం చాలలేదని ఆ ముక్కే తేల్చింది. మరమ్మతు ఖర్చంతా బిల్డరుదేనని ఉత్తర్వు వచ్చింది.

మీ కప్పు చెమ్మగిల్లితే రంగు వేయించకముందే ఫోటో తీయండి. స్వాధీన పత్రం మీద తేదీ చూసుకోండి. ఐదేళ్లు దాటకముందే బిల్డరుకు రాతపూర్వకంగా తెలియజేసి, రసీదు దాచుకోండి.