ఊరూ పేరూ తెలిస్తే చాలు, నవలెందుకు?

తెలుగు నవల మీద వచ్చే సిద్ధాంత గ్రంథాలకు ఒక వాస్తు ఉంది. మొదటి అధ్యాయం రచయిత జీవితం: జననం, తల్లిదండ్రులు, విద్యాభ్యాసం, వివాహం, ఉద్యోగం, బిరుదులు, సన్మానాలు. రెండోది ఆనాటి రాజకీయ, సాంఘిక, ఆర్థిక పరిస్థితులు. మూడోది తెలుగు నవల పుట్టుపూర్వోత్తరాలు. నాలుగో అధ్యాయంలో నవలకు గుమ్మంలోకి వచ్చే అనుమతి దొరుకుతుంది, అదీ కథాసంగ్రహం వేషంలో. అయిదోది ఉపసంహారం. రచయిత జీవితమూ ఆయన కాలమూ నవలలో చక్కగా ప్రతిబింబించాయని అక్కడ తేలుతుంది. మొదటి రెండు అధ్యాయాల్లో పెట్టినదే చివరి అధ్యాయంలో దొరికితే ఆశ్చర్యమేముంది? పరిశోధకుడు తాను దాచిన చోటే వెతుక్కున్నాడు. ఈ మూడొందల పేజీలను డిగ్రీ గైడు పది మార్కుల జవాబుగా కుదిస్తుంది. కుదింపులో పోయేది ఆ నాలుగో అధ్యాయం ఒక్కటే కాబట్టి ఎవరికీ నష్టం ఉండదు.

ఈ సూత్రాన్ని కాసేపు నిజంగానే నమ్మి, తెలుగు నవలల్లో అగ్రతాంబూలం అందుకున్న 'రాజశేఖర చరిత్రము' మీద ప్రయోగిద్దాం. రాసినవారు కందుకూరి వీరేశలింగం పంతులు. వితంతు వివాహాలు జరిపించిన సంస్కర్త. కాబట్టి ఆయన నవల వితంతు వివాహాన్ని ప్రబోధించి తీరాలి. గైడు ఆ మాట ధైర్యంగా అంటుంది, విద్యార్థి రాస్తాడు, పేపరు దిద్దేవారు మార్కులు వేస్తారు. ముగ్గురిలో ఒక్కరూ పుస్తకం తెరవరు కాబట్టి వారి మధ్య అభిప్రాయభేదం రాదు. తెరిస్తేనే చిక్కు. ధవళేశ్వరం రాజశేఖరుడుగారి కూతురు రుక్మిణి. ఆమె భర్త నృసింహస్వామి పరాయిచోట పోయాడని కబురొస్తుంది. ఆ కబురు తర్వాత ఆ ఇళ్ళలో ఆడపిల్లకు మిగిలే బతుకేమిటో పంతులుగారికి ఒకరు చెప్పక్కర్లేదు. సంస్కర్త కలానికి ఇంతకంటే మంచి సందు దొరకదు కూడా. అయినా ఆయన ఆ పిల్లకు మళ్ళీ పెళ్ళి చేయలేదు. పోయాడనుకున్న మొగుణ్ణే బతికించి తెచ్చి అప్పగించారు. పైగా తేదీలు కూడా మన సూత్రానికి సహకరించవు. నవల 'వివేకవర్ధని' పత్రికలో మొదలైంది 1878లో, పుస్తకంగా వచ్చింది 1880లో. పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. జీవితం నవలను తీర్చిదిద్దాలంటే ముందు ఆ జీవితం జరగాలి కదా! మనవాళ్ళు చేసేది పోయినవాడికి పోయాక జాతకం రాయడం. అందులో ఒక్క గండమూ తప్పిపోదు.

మరి చచ్చిన అల్లుడు ఎక్కణ్ణుంచి బతికొచ్చాడు? ఆ ఆనవాళ్ళు రాజమండ్రిలో కాదు, 1766లో ఇంగ్లండులో అచ్చయిన గోల్డ్‌స్మిత్ 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'లో దొరుకుతాయి. పంతులుగారు ముందు ఆ పుస్తకాన్ని అనువదించబోయి, కొంత నడిచాక అది మన ఇళ్ళకు అతకదని మానేసి, సొంతంగా రాసుకున్నారు. అక్కడ చనిపోయిందని తండ్రికి చెప్పిన కూతురు ఒలీవియా బతికి వస్తుంది. ఇక్కడ అల్లుడు వస్తాడు. అంటే ఈ మలుపు పంతులుగారి బతుకులోంచి రాలేదు, ఆయన చదివిన పుస్తకంలోంచి వచ్చింది. జీవితవాదులు పట్టుదలకు పోతే ఇప్పుడు గోల్డ్‌స్మిత్ తల్లిదండ్రులు, విద్యాభ్యాసం, అప్పులు, ఐర్లండులో ఆయన పుట్టిన కాలపు సాంఘిక పరిస్థితులు కూడా ధవళేశ్వరం నవలకు కారణాలుగా చేర్చాలి. ఇంకో అధ్యాయం పెరుగుతుంది, అదొక లాభం. అసలు చూడవలసింది మాత్రం ఆ రెండు పుస్తకాల మధ్య తేడాను. అక్కడ పాస్టరుగారి ఆస్తి, డబ్బు దాచుకున్న వర్తకుడు దివాలా తీసి పారిపోవడంతో పోతుంది. ఇక్కడ రాజశేఖరుడుగారి ఆస్తిని ముఖస్తుతులు చేసే బంధుమిత్రులు తినేస్తారు. మిగిలిన బంగారాన్ని, రెట్టింపు చేసి ఇస్తానన్న బైరాగి పట్టుకుపోతాడు. ఆ వర్తకుడి స్థానంలో బైరాగి వచ్చి కూర్చున్నాడే, 1878 నాటి గోదావరి తీరం నవలలోకి అడుగుపెట్టింది సరిగ్గా అక్కడ. కాలం కనబడుతుంది, కానీ రెండో అధ్యాయంలో కాదు. ఇంగ్లీషు పాఠకులకు ఈ చిక్కేమీ రాలేదు. 1887లో ఈ నవల ఇంగ్లీషులోకి వెళ్ళి లండనులో అచ్చయితే, పంతులుగారి ఇంటిపేరు కూడా సరిగా పలకలేనివాళ్ళు కథ చదువుకున్నారు.

జీవితం సంగతి అలా ఉంచుదాం. కాలమైనా నవలను రాయిస్తుందా? ఈ వాదాన్ని పరీక్షించడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం 1934లో తనకు తెలియకుండానే ఒక ఏర్పాటు చేసి పెట్టింది. నవలల పోటీలో బహుమతిని ఇద్దరికి పంచింది: 'వేయిపడగలు' రాసిన విశ్వనాథ సత్యనారాయణకు, 'నారాయణరావు' రాసిన అడివి బాపిరాజుకు. ఇద్దరూ 1895లోనే, నెల అటూ ఇటుగా పుట్టారు. ఒకరిది కృష్ణాజిల్లా నందమూరు, ఒకరిది భీమవరం దగ్గర సరేపల్లె. పక్కపక్క డెల్టాలు, ఒకే రకం కాలవల నీళ్ళు, ఇంట్లో ఒకే రకం ఆచారాలు, వీధిలో ఒకే గాంధీ గాలి, ఒకే పోటీ, ఒకే గడువు. కాలమే రాయిస్తే ఇద్దరిచేతా ఒకే నవల రాయించి ఉండాలి, లేదా కనీసం చూచిరాతలా ఉండే రెండు. వచ్చినవేమో ఒకదాని ముఖం ఒకటి చూడనివి. వేయి పడగల సుబ్రహ్మణ్యేశ్వరుడి నీడలో ఉన్న సుబ్బన్నపేట కళ్ళముందే కూలిపోతుంటే విశ్వనాథ ఆ శిథిలాల మధ్య ధర్మారావును నిలబెట్టారు. బాపిరాజు నారాయణరావేమో చదువు, సంగీతం, దేశభక్తి అన్నీ ఒంటిమీద వేసుకుని, జమీందారు కూతురు శారదను పెళ్ళాడి, రాబోయే కాలంలోకి హుషారుగా నడుస్తాడు. ఒకే కాలాన్ని ఒకరు మోసుకుపోతున్న శవంగా, ఒకరు ఊరేగుతున్న పెళ్ళికొడుకుగా చూశారు. చదువుల తేడా కదా అని ఎవరైనా అడ్డుపడవచ్చు: విశ్వనాథ బందరులో చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారి శిష్యుడు, బాపిరాజు రాజమండ్రిలో కూల్డ్రే దొర శిష్యుడు. నిజమే. చెళ్ళపిళ్ళవారి శిష్యుల్లో పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వెంకటేశ్వరరావు కూడా ఉన్నారు, వాళ్ళు వేయిపడగలు రాయలేదు. కూల్డ్రే శిష్యుల్లో దామెర్ల రామారావు ఉన్నాడు, ఆయన నారాయణరావు రాయలేదు, బొమ్మలు వేశాడు. కారణం అన్నది ఒక్కడికే పనిచేసి పక్క బెంచీవాడికి పనిచేయకపోతే దాన్ని కారణమనడం మొహమాటం.

అన్నట్టు వేయిపడగల గురించి మన సాహిత్యలోకానికి బాగా గుర్తున్న విషయం, దాన్ని విశ్వనాథ ఇరవై తొమ్మిది రోజుల్లో ఆశువుగా చెప్పి రాయించారన్నది. ఈ సంగతి చెప్పగలిగేవాళ్ళు వేలల్లో ఉంటారు. ఆఖరి పేజీలో ఏముందో చెప్పమంటే మాత్రం సభ పలచబడుతుంది.

జీవితవాదానికి బాగా ఇష్టమైన పరదేశీ సాక్షి డికెన్స్. ఇంగ్లీషు సాహిత్యం క్లాసులో 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' పాఠం ఆయన బాల్యంతోనే మొదలవుతుంది. 1824లో, పన్నెండేళ్ళ వయసులో, తండ్రి అప్పులకు మార్షల్సీ జైల్లో ఉండగా, ఆ పిల్లాడు లండనులో బూటుపాలిష్ తయారుచేసే వారెన్ వారి పనికి వెళ్ళాడు. పాలిష్ కుండ మూతికి నూనెకాగితం కప్పి, దానిమీద నీలికాగితం కప్పి, దారం చుట్టి, అంచులు కత్తిరించి, అచ్చువేసిన చీటీ అంటించడం ఆ పని. నవలలో డేవిడ్ కూడా చిన్నతనంలోనే సారా గిడ్డంగిలో సీసాలు కడుగుతాడు. చూశారా, ముడి పడింది! కానీ ఒక్క చిన్న ప్రశ్న. నవల వచ్చింది 1849-50లో. కుండల సంగతి లోకానికి తెలిసింది డికెన్స్ పోయాక, ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్ర 1870ల్లో వెలువడ్డాక. మధ్యలో ఇరవై ఏళ్ళు ఆ నవల చదివి ఏడ్చిన వేలమంది ఏ రచయిత జీవితాన్ని చదివి ఏడ్చినట్టు? వాళ్ళ కన్నీళ్ళు అసంపూర్ణమా?

పోనీ, తెలిసిన తర్వాతైనా ఆ జీవితాన్ని సరిగా వాడుకున్నామా? పోలికలు చూసి సంబరపడ్డవాళ్ళు తేడాల దగ్గరికి రాలేదు. డికెన్స్ తల్లి బతికే ఉంది. తండ్రి జైలునుంచి వచ్చాక కూడా పిల్లాణ్ణి ఆ పనికి తిరిగి పంపాలని చూసింది ఆమే. ఆ మాట ఆయన జన్మలో మరచిపోలేదు. నవలలో మాత్రం డేవిడ్ తల్లి సుకుమారి, నోరులేనిది, కొడుకు పనిలోకి వెళ్ళేలోపే చనిపోతుంది. కొడుకును పనికి తోసే పాపమంతా మారుతండ్రి మర్డ్‌స్టన్ నెత్తిన పడుతుంది. అప్పులు చేసిన అసలు తండ్రేమో తండ్రిగానే లేడు. డేవిడ్ అద్దెకున్న ఇంటి యజమాని మికాబర్‌గా మారి, అప్పులవాళ్ళు తలుపు బాదుతున్నా రేపేదో కలిసొస్తుందని ఎదురుచూస్తూ, లోకాన్ని నవ్విస్తాడు. తల్లిని క్షమించలేక చంపేసి దేవతను చేయడం, తండ్రిని ఇంట్లోంచి బయటికి తెచ్చి ప్రేమించదగ్గ విదూషకుణ్ణి చేయడం, ఇదీ నవలా రచన అంటే. రచయిత జీవితం తెలిస్తే ఉపయోగం ఉన్నది ఇక్కడే, ఆయన దేన్ని ఎంత వంచాడో చూడడానికి. గైడు ఆ వంపులన్నీ ఇస్త్రీ చేసి తిన్నగా మడతపెడుతుంది.

ఇంతవరకూ వచ్చాక ఎవరో ఒకరు 'మాలపల్లి' పేరెత్తుతారు, ఎత్తాలి కూడా. ఉన్నవ లక్ష్మీనారాయణ పల్నాడు అటవీ సత్యాగ్రహంలో పాల్గొన్నారు, జైలుకెళ్ళారు, రాయవేలూరు జైల్లో ఈ నవల రాశారు. ఆ కాలం లేకుండా, ఆ జైలు లేకుండా మాలపల్లి ఉందా? లేదు, ఒప్పుకుంటాను. అయితే ఆ రోజుల్లో రాయవేలూరు జైల్లో కాంగ్రెసువాళ్ళు ఒక్కరా ఇద్దరా? జైలు అందరికీ ఒకే గోడలు, ఒకే సంకటి ఇచ్చింది. నవలలోని సంగదాసును, రామదాసును మాత్రం ఒక్కరే తెచ్చారు. జైలు నవలకు అవకాశం ఇచ్చింది, నవలను ఇవ్వలేదు. ఆ మాటకొస్తే మాలపల్లిని శ్రద్ధగా చదివిన తొలి పాఠకుల్లో మద్రాసు ప్రభుత్వం ఒకటి. రచయిత పుట్టిన ఊరేది, చదువెక్కడ, బిరుదులేమిటి అని ఆ దొరలు ఆగలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి, పాలేళ్ళ కూలి దగ్గర, పాలకుల అధికారం దగ్గర ఆగి, ఇది ప్రమాదం అని గుర్తించి నిషేధించారు. అభ్యంతరమైన భాగాలు తీసేస్తే గానీ మళ్ళీ అచ్చుకు ఒప్పుకోలేదు. తర్వాత రెండోసారీ నిషేధించారు, 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ అది తొలగలేదు. దుర్మార్గమే, సందేహం లేదు. కానీ పుస్తకంలో ఏ పేజీ మండుతుందో తెలిసిన చదువది. మన పాఠ్యక్రమం అదే పుస్తకాన్ని ఎవరికీ వేడి తగలకుండా పిల్లల చేతిలో పెట్టగలిగింది. నిషేధం ఏళ్ళ తరబడి చేయలేని పనిని 'రచయిత పరిచయం' ఒక్క పీరియడ్‌లో చేసేసింది.

ఇంకో అభ్యంతరం ఉంది, దీన్ని ఎగతాళి చేయడానికి వీల్లేదు. రాసినవాడెవడో తెలియాల్సిందే, ఎందుకంటే మాలవాడ గురించి బ్రాహ్మణ బారిస్టరు రాయడం, ఆ వాడలో పుట్టినవాడు రాయడం ఒకటి కాదు. ఒకటి కాదు, నిజం. కానీ ఆ ప్రశ్న ఎక్కడ పుట్టింది? రామదాసు మాట్లాడుతుంటే పుట్టింది. కష్టాలన్నీ వేదాంతంగా జీర్ణించుకునే ఆ పెద్దమనిషి వాడలోని మనిషా, వాడ ఎలా ఉంటే బాగుండునని బారిస్టరుగారు కోరుకున్న మనిషా అని పాఠకుడికి అనుమానం వచ్చి, అప్పుడు రచయిత ఎవరని వెనక్కి చూశాడు. అది పుస్తకంలోంచి జీవితంలోకి వెళ్ళే దారి, మంచి దారి. మనవాళ్ళు పట్టింది ఎదురు దారి. కులం, ఊరు, ఉద్యమం ముందే రాసుకుని, రామదాసు నోరు తెరవకముందే తీర్పు చెప్పేస్తారు. తిట్టినా పొగిడినా రామదాసుకు మాత్రం మాట్లాడే వంతు రాదు. అలాగే అటవీ చట్టమంటే ఏమిటో, పాలేరు జీతం గింజల్లో ఎలా కొలిచేవారో ఈనాటి పిల్లలకు చెప్పాల్సిందే. అవి నవల చదవడానికి కావలసిన అక్షరాలు. అక్షరాలు దిద్దించి, ఇదే కావ్యం అని ఇంటికి పంపడమే తమాషా.

జీవితవాదం ఎంతదూరం పోగలదో చూడాలంటే చలం దగ్గరికి వెళ్ళాలి. 'మైదానం' 1927 నాటిది. ప్లీడరు భార్య రాజేశ్వరి అమీరుతో వెళ్ళిపోయి, ఆ కథంతా తన నోటితోనే చెబుతుంది. రాసినాయన స్కూళ్ళ ఇన్స్పెక్టరు. ఈ రెంటి మధ్యా ఉన్న దూరాన్ని ఆయన ఎలా దాటాడన్నది సాహిత్యంలో ఒక పెద్ద ప్రశ్న. దాన్ని వదిలి, చలం సంసారం మీద ఊళ్ళో ఏమనుకున్నారన్నది పరిశోధనాంశమైంది. అది చాలక, 1950లో ఆయన తిరువణ్ణామలై వెళ్ళిపోయాక రాజేశ్వరికి పశ్చాత్తాపం కూడా అంటగట్టారు. ఇరవై మూడేళ్ళ తర్వాతి రమణాశ్రమం 1927 నాటి మైదానంలో వెనక్కి నడుచుకుంటూ వచ్చి ఆమెకు బుద్ధి చెప్పింది. రాజేశ్వరి ఆ పుస్తకంలో ఎవరికీ క్షమాపణ చెప్పుకోదన్న విషయం, మళ్ళీ, పుస్తకంలోనే ఉంది.

కాబట్టి పాఠ్యప్రణాళికా సంఘాలకు ఒక చిన్న మనవి. ఆ పది మార్కుల ప్రశ్నను తీసేయక్కర్లేదు, తిరగేస్తే చాలు: 'ఈ నవలలో రచయిత జీవితంలో జరగనిది ఏది? ఎందుకు జరిపించాడు?' విద్యార్థులు గోల చేస్తారు, అధ్యాపకులు సిలబసులో లేదంటారు, నెల తిరక్కుండా దానికీ గైడు వస్తుంది. రానివ్వండి. ఆ జవాబు రాయాలంటే గైడు రాసే ఆయనైనా నవల చదవక తప్పదు.