నా అడుగున ఏముంది?

నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్లంతా ముందు బోర్లా తిప్పుతారు. ఒంటినిండా ముదురు గోధుమరంగు, దానిమీద నారింజరంగు గసగసాల పూలు. ఒక్కో రేకూ ఓపిగ్గా వేసినవే, కానీ వాటి వంక తర్వాత చూస్తారు. పాతసామాన్ల వ్యాపారంలో పూలకూజా ధర దాని అడుగున ఉంటుంది. మొదట్లో సిగ్గేసేది, ఇప్పుడు అలవాటైపోయింది.

పుట్టింది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో. 1880లో మరియా లాంగ్‌వర్త్ నికోల్స్ అనే కలవారింటి ఆవిడ పెట్టిన రుక్‌వుడ్ కార్ఖానా మాది. అక్కడి లెక్క భలే తమాషాగా ఉంటుంది. 1886లో ఆర్, పీ అక్షరాలను వీపులు ఆనించి ముద్ర చేశారు. మరుసటి ఏడు దానికి ఒక మంట తగిలించారు. అక్కణ్నుంచి ఏడాదికో మంట. 1900 నాటికి 14 మంటలై ముద్ర చుట్టూ కమ్ముకున్నాయి. 1901 నుంచి మంటల జోలికి పోకుండా కింద రోమన్ అంకె వేయసాగారు. నాకు 14 మంటలు, అంకె లేదు. అంటే నాది 1900. ఆ ఏడే పారిస్ ప్రదర్శనలో మా కార్ఖానాకు గ్రాండ్ ప్రీ వచ్చింది. నేను పోలేదు లెండి. ఎందుకు పోలేదో కూడా నా అడుగే చెబుతుంది.

మంటల కింద ఒక ఎక్స్ గీత ఉంది. బట్టీ దించేసరికి నా భుజం దగ్గర గ్లేజు చిన్న బుడగ కట్టి ఉంది. అలాంటివాటికి సానచక్రంతో ఎక్స్ గీసి రెండో రకంలో కలిపేవారు, ధర తగ్గించి అమ్మేవారు. చిక్కంతా ఇక్కడే. రోమన్ లెక్కలో ఎక్స్ అంటే పది. 14 మంటల కింద పది అంటే 1910! నా వయసులో పదేళ్లు కోసేసినవాళ్లు ఉన్నారు. ఓ వేలంశాలలో కొత్తగా చేరిన కుర్రాడు చీటీ మీద 1910 అని రాసేశాడు కూడా. పక్కనున్న పెద్దావిడ నన్ను దీపం కిందికి వంచింది.

"గోరు పెట్టి చూడు బాబూ. అంకె అయితే పచ్చిమట్టిలో అద్దుతారు, గ్లేజు దాని మీదుగా పారి గుంటలో నిలుస్తుంది. ఇది గ్లేజునే కోసేసింది. గరుకు తగలడం లేదూ?"

తగిలింది. కుర్రాడు చీటీ చింపేసి ఇంకోటి రాశాడు.

సంతకానికీ అదే పరీక్ష. చిత్రకారులు పచ్చిమట్టి మీదే సూదిమొనతో గీకేవారు. కాల్చాక గీకిన సంతకం కనబడితే అనుమానించాల్సిందే. ఎక్కువమంది పొడి అక్షరాలతో సరిపెట్టేవారు. ఆల్బర్ట్ వాలెంటీన్ ఏ.ఆర్.వీ., మాథ్యూ డేలీ ఎమ్.ఏ.డీ. నా సంతకం నిలువుగా, జపాను లిపిలో ఉంటుంది. 1887లో రుక్‌వుడ్‌కి వచ్చిన కతారో షిరాయమదానీది. ఆ నాలుగు గీతలు కనబడగానే బేరగాళ్ల గొంతు మారుతుంది. ఎక్స్‌ను కూడా క్షమించేస్తారు.

ఇంకా మూడంకెల ఆకార సంఖ్య, దాని పక్కన సి అక్షరం ఉన్నాయి. ఏ అన్నింటికన్నా పెద్ద సైజు, నేను మూడోది. ఇంత రాసినవాళ్లు, నన్ను సారె మీద లేపిన కుమ్మరి ఎవరో రాయలేదు. మాలో చాలామందిది ఇదే కథ. అదే వేలంశాలలో నా పక్కన న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన నీలిరంగు కూజా ఒకటి ఉండేది. న్యూకోంబ్ కళాశాల సరుకు. సీ కడుపులో ఎన్ వాళ్ల ముద్ర. అక్కడ బొమ్మలు వేసింది ఆడవాళ్లు, సారె తిప్పింది మగవాళ్లు. దాని అడుగున బొమ్మ వేసినావిడ పొడి అక్షరాలూ ఉన్నాయి, కుమ్మరి జోసెఫ్ మేయర్ జే, ఎమ్‌లూ ఉన్నాయి. ఆ రెండక్షరాల వల్ల ధర ఏమంత పెరగదని వేలంవాళ్లే అన్నారు. అయినా దాన్ని బోర్లించినప్పుడల్లా నా చూపు వాటిమీదికే పోయేది.